ప్రభుత్వం మారినా ఒప్పందం నిలుస్తుందా? రాయలసీమ పీపీపీ ప్రాజెక్టులపై తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో బస్సెక్కి అనంతపురంలో దిగేలోపు ప్రభుత్వమూ ప్రైవేటు కంపెనీలూ చేయి కలిపి, అంటే పీపీపీ పద్ధతిలో, కట్టినవి చాలా కనిపిస్తాయి. టోల్‌గేట్లున్న 44వ నంబరు జాతీయ రహదారి, డోన్, గుత్తి చుట్టుపక్కల గుట్టల మీద గాలిమరలు, దూరంగా సోలారు పలకలు. వీటిలో చాలావాటి వెనక ఇరవై ఐదేళ్లో ముప్పై ఏళ్లో నడవాల్సిన ఒప్పందం ఉంటుంది. అన్నేళ్లలో తక్కువలో తక్కువ ఐదు ఎన్నికలు వస్తాయి. ఆ ఎన్నికలను దాటుకుని ఒప్పందం ఎలా బతుకుతుందన్నదే ఇక్కడి ప్రశ్నలన్నింటికీ మూలం. ఇలాంటి ఒప్పందాల లెక్కలు చూసే పనిలో చాలా ఏళ్లు గడిపాను. గుత్తేదారులు, బ్యాంకు ఉద్యోగులు, భూమి లీజుకిచ్చిన రైతులు, వార్డు కౌన్సిలర్లు, విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు రాస్తున్నాను.

రాజకీయ ముప్పు, నియంత్రణ ముప్పు ఒకటేనా?

ఒకదానిలోంచి మరొకటి పుట్టవచ్చు గానీ రెండూ ఒకటి కావు. కొత్త ప్రభుత్వం పాత ఒప్పందాన్ని ఒప్పుకోకపోవడం, జనాగ్రహానికి జడిసి టోల్ వసూలు ఆపించడం, బిల్లులు తొక్కిపట్టడం, భూమి అప్పగిస్తామని చెప్పి ఏళ్లు గడిపేయడం రాజకీయ ముప్పు. పన్ను మారడం, విద్యుత్ నియంత్రణ మండలి ధర సవరించడం, పర్యావరణ అనుమతిలో కొత్త షరతులు చేరడం, లైసెన్సు రాకపోవడం నియంత్రణ ముప్పు.

తేడా తెలియాలంటే కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయాన్ని చూడండి. అది పీపీపీ కాదు, రాష్ట్ర ప్రభుత్వం సొంతంగా కట్టింది. 2019 జనవరిలో, ఎన్నికల ముందు, అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సు మాత్రం 2021 జనవరిలో వచ్చింది. ఆ ఏడాది మార్చి 25న ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి మళ్లీ ప్రారంభించారు, 28న విమానాలు ఎగిరాయి. రిబ్బను కత్తిరించే తేదీ రాజకీయానిది, విమానం ఎగిరే తేదీ నియంత్రణ సంస్థది. ఆ రెండేళ్లకూ అప్పు మీద వడ్డీ కట్టే ప్రైవేటు కంపెనీ అక్కడ ఉండి ఉంటే దాని గతి ఏమిటో ఊహించవచ్చు.

పీపీపీ మన ప్రాంతానికి కొత్తగా వచ్చిందా?

కొత్తది కాదు. కర్నూలు–కడప కాలువ, మనం కేసీ కాలువ అనేది, 1860ల్లో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వింది. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దాని పేరు. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడి వచ్చేలా చూస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి నీళ్లు మళ్లించారు. నీటి తీరువా దండిగా వస్తుందని వేసిన లెక్క తప్పింది. ఒక వాన పడితే తేమ పట్టి ఉంచే నల్లరేగడి నేలకు డబ్బిచ్చి నీళ్లు పెట్టడానికి రైతులు అనుకున్నంతగా ముందుకు రాలేదు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది.

ఆ కాలువ కింద ఈనాటికీ వరి పండుతోంది కాబట్టి పని వృథా పోలేదు. కానీ రాబడికి హామీ ఉంది, గిరాకీ తగ్గినా పెట్టుబడి పెట్టినవాళ్ల రాబడికి దెబ్బ తగలదు, కాబట్టి లెక్క జాగ్రత్తగా వేయాల్సిన అవసరం కంపెనీకి లేకపోయింది. ఏ నష్టాన్ని ఎవరు మోయాలన్నది తప్పుగా రాసుకుంటే ఏమవుతుందో మన ఊరి పక్కన పారే నీళ్లే చెబుతున్నాయి. పీపీపీ పాఠాలకు ఎక్కడెక్కడి ఉదాహరణలో తెచ్చే అధ్యాపకులు దీన్ని వదిలేయడం నాకు బాధగా ఉంటుంది.

2019లో గాలి, సౌర విద్యుత్ ఒప్పందాల విషయంలో అసలేం జరిగింది?

ఎక్కువ మంది అడిగేది ఇదే. గాలిమరలు, సోలారు పార్కులు ఎక్కువగా ఉన్నది మన మూడు పాత జిల్లాల్లోనే (కర్నూలు, అనంతపురం, కడప) కాబట్టి వివరంగా చెబుతాను.

2019 మే నెలలో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. జూలై 1న ఇంధన శాఖ 63వ నంబరు జీవో ఇచ్చి, గాలి, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలను తగ్గించేలా కంపెనీలతో మాట్లాడేందుకు ఉన్నతస్థాయి సంప్రదింపుల కమిటీ వేసింది. అదే నెల 12న దక్షిణ డిస్కం (ప్రభుత్వ విద్యుత్ పంపిణీ సంస్థ) ఆ కంపెనీలకు లేఖలు రాసింది: యూనిట్ ధరను గాలికి రూ.2.43కు, సౌరకు రూ.2.44కు తగ్గించండి, లేదంటే ఒప్పందం రద్దు ఎదుర్కోవలసి వస్తుంది. గాలి విద్యుత్‌కు అంతకుముందు ఒప్పుకున్న ధర చాలా ఒప్పందాల్లో రూ.4.80 పైచిలుకు, అంటే అడిగింది సగానికి సగం కోత. కేంద్ర విద్యుత్ మంత్రి వద్దని లేఖ రాశారు. జపాన్ రాయబారి కూడా రాశారు.

కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. 2019 సెప్టెంబరు 24న ఏకసభ్య ధర్మాసనం జీవోను, లేఖలను కొట్టేసింది. అయితే ధరల సంగతి విద్యుత్ నియంత్రణ మండలి ఆరు నెలల్లో తేల్చాలని, అప్పటిదాకా రూ.2.43, రూ.2.44 చొప్పున మధ్యంతరంగా చెల్లించాలని చెప్పింది. గెలిచిన కంపెనీలకు చేతికొచ్చింది సగం డబ్బే. అవి అప్పీలుకు వెళ్లాయి. 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం తేల్చి చెప్పింది: ఒప్పందంలో రాసుకున్న ధర ఇద్దరికీ వర్తిస్తుంది, బకాయిలను ఆ ధర ప్రకారమే ఆరు వారాల్లో చెల్లించాలి.

జూలై 2019 నుంచి మార్చి 2022 వరకు రెండేళ్ల ఎనిమిది నెలలు. చట్టం చివరికి ఒప్పందం పక్షాన నిలిచిందని అందరూ చెబుతారు, నిజమే. ఆ ముప్పై రెండు నెలల్లో బ్యాంకు వాయిదాలు మాత్రం ఆగలేదు. గాలిమరల నిర్వహణ పనులు చేసే చిన్న గుత్తేదారులు, కాపలా మనుషులు, వాహనాలు అద్దెకిచ్చినవాళ్లు ఏ కోర్టు ఉత్తర్వులోనూ లేరు. వాళ్ల డబ్బు వరస చివరన నిలబడింది. తాడిపత్రి వైపు నాకు తెలిసిన ఒకాయన రెండు క్రేన్లలో ఒకటి అమ్ముకుని ఆ కాలం గట్టెక్కాడు.

ఆ వివాదంలో ప్రభుత్వ వాదనలో న్యాయమే లేదా?

ఉంది. దాన్ని కాదనడం సరికాదు. 2015 నవంబరులో కర్నూలు సోలారు పార్కు వేలంలో యూనిట్ రూ.4.63 పలికితే దేశంలోనే అతి తక్కువ ధర అని పత్రికలు రాశాయి. 2017 ఏప్రిల్‌లో కడప జిల్లా పార్కుకు రూ.3.15 వచ్చింది. మరుసటి నెలలో రాజస్థాన్‌లోని భడ్లాలో రూ.2.44కు దిగింది. ఏడాదిన్నరలో ధర దాదాపు సగమైంది. పాత ధరకు ఇంకా ఇరవై ఏళ్లు కొనాలంటే డిస్కంకు భారమే, ఆ భారం చివరికి మన కరెంటు బిల్లులోకే వస్తుంది.

కానీ దానికి మందు గడువు మధ్యలో ధర కోయడం కాదు. ఎక్కడైనా లంచం ఇచ్చిపుచ్చుకున్నారనిపిస్తే ఆ ఒప్పందం మీద విచారణ జరిపి, ఆధారం చూపి, దాన్ని రద్దు చేయించాలి. అన్ని ఒప్పందాలనూ ఒకే గాటన కట్టకూడదు. పాతికేళ్లకు కావలసిన కరెంటంతా ఒకే ఏడాది కొనకుండా విడతలుగా కొనాలి. వేలం లేకుండా నిర్ణయించిన ధరకు, అప్పట్లో గాలి విద్యుత్‌కు చేసినట్లు, ఎక్కువ పరిమాణం కట్టుబడకూడదు. ఇవన్నీ సంతకానికి ముందు చేయాల్సిన పనులు. సంతకం పడ్డాక ప్రభుత్వం చూపే కాఠిన్యానికి పదింతల ఖర్చు తర్వాతి టెండర్లలో తిరిగొస్తుంది. ఆంధ్రప్రదేశ్ డిస్కంలకు అమ్మాలంటే బిడ్డర్లు ధరకు కొంత కలుపుకుంటారు, బ్యాంకులు వడ్డీకి కొంత కలుపుకుంటాయి.

ప్రభుత్వం మారితే ఒప్పందం రద్దయినట్లేనా?

కాదు. రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ ఒప్పందాలు గవర్నరు పేరుతో జరుగుతాయి. ముఖ్యమంత్రి పేరుతోనో పార్టీ పేరుతోనో జరగవు. ఎన్నికల్లో ఓడేది పార్టీ, రాష్ట్రం కాదు.

అయితే ఒప్పందానికీ విధానానికీ తేడా ఉంది. చాలామంది పెట్టుబడిదారులు ఇక్కడే దెబ్బతింటారు. 2018లో ప్రకటించిన సౌర, గాలి, హైబ్రిడ్ విధానాల్లో కరెంటు బ్యాంకింగ్ (మిగిలిన కరెంటును గ్రిడ్‌కు ఇచ్చి తర్వాత తిరిగి వాడుకోవడం) వంటి రాయితీలు ఉండేవి. 2019 నవంబరులో ప్రభుత్వం ఆ విధానాలను సవరించి చాలా రాయితీలు తీసేసింది. విధానం మార్చుకునే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది. విధానంలో ఉన్న రాయితీ మీ ఒప్పందంలోకి అక్షరాలా దిగితేనే కొంత రక్షణ. ‘అమల్లో ఉన్న విధానం ప్రకారం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఆ విధానంతో పాటే మీ రాయితీ పోతుంది.

శంకుస్థాపన జరిగితే ప్రాజెక్టు ఖాయమే కదా?

కడప జిల్లావాళ్లు ఈ ప్రశ్న అడగరు. జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు కర్మాగారానికి 2007లో, 2018లో, 2019లో, 2023లో శంకుస్థాపనలు జరిగాయి. ప్రాజెక్టు ఖాయమైందనడానికి మూడు గుర్తులు చూడండి: బ్యాంకులు అప్పు పత్రాల మీద సంతకాలు పెట్టాయా, భూమిలో అత్యధిక భాగం చేతికొచ్చిందా, ఒప్పందంలో చెప్పిన అపాయింటెడ్ డేట్ (పని గడువు లెక్క మొదలయ్యే తేదీ) ప్రకటించారా. జాతీయ రహదారుల హ్యామ్ ఒప్పందాల్లో (కట్టే ఖర్చులో కొంత ప్రభుత్వం ముందే ఇచ్చి, మిగతాది వాయిదాల్లో చెల్లించేవి) సాధారణంగా 80 శాతం భూమి ఇచ్చాకే ఆ తేదీ ప్రకటిస్తారు. ఈ మూడూ లేకుండా శంకుస్థాపన ఫొటో చూసి యంత్రాలు కొనకండి, చుట్టుపక్కల స్థలాలు కొనకండి.

ఆదోని, పులివెందుల వైద్య కళాశాలల పీపీపీ గురించి ఏమంటారు?

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం పది కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలను పీపీపీ పద్ధతిలో చేపట్టాలని నిర్ణయించింది. ఆదోని, పులివెందుల, పెనుకొండ వాటిలో ఉన్నాయి. ప్రతిపక్షం దీన్ని గట్టిగా వ్యతిరేకించి, తాము అధికారంలోకి వస్తే రద్దు చేస్తామని బహిరంగంగా ప్రకటించింది. ఎవరి మాట సరైనదన్నది వేరే చర్చ. బిడ్ వేయాలనుకునే సంస్థ కళ్లతో చూస్తే మాత్రం ముప్పు స్పష్టంగా రాసి ఉంది: 2029లో ఎన్నికలున్నాయి.

అలాంటప్పుడు బిడ్డర్లు చేసేది రెండే. దూరంగా ఉంటారు, లేదా రద్దయితే ఇచ్చే పరిహారం నిబంధనను మరింత బిగించమంటారు. రెండింటిలోనూ నష్టం ప్రజలకే. ధర మీద గొడవ ఒక రకం, అసలీ పని ప్రైవేటుకు ఇవ్వవచ్చా అన్న గొడవ మరో రకం. రెండో రకం గొడవ ఉన్నచోట ముసాయిదా ఒప్పందాన్ని శాసనసభ ముందు పెట్టి, ఫీజులు, ఉచిత పడకలు, గడువు ముగిశాక ఆస్తి ఎవరిది అన్నవి అక్కడే తేల్చుకోవాలి. విరోధి పక్షం కూడా చదివి విమర్శించిన ఒప్పందం, చీకట్లో కుదిరిన ఒప్పందం కన్నా ఎక్కువ కాలం బతుకుతుందని నా నమ్మకం.

చట్టం మారి ఖర్చు పెరిగితే ఎవరు భరించాలి?

ఒప్పందంలో ‘చట్టంలో మార్పు’ అనే నిబంధన ఏం చెబితే అది. సోలారు కంపెనీల అనుభవమే చాలు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. 2018 జూలై చివర్లో దిగుమతి సోలారు సెల్స్, మాడ్యూళ్ల మీద 25 శాతం సేఫ్‌గార్డ్ సుంకం పడింది. 2022 ఏప్రిల్‌లో మాడ్యూళ్ల మీద 40 శాతం, సెల్స్ మీద 25 శాతం కస్టమ్స్ సుంకం మొదలైంది. బిడ్ వేసిన రోజుకూ పలకలు ఓడ దిగిన రోజుకూ మధ్య సుంకం మారితే లాభమంతా ఓడరేవులోనే కరిగిపోతుంది. ఇలాంటి వాటికి పరిహారం ఇప్పించడం నియంత్రణ మండళ్లలో ఏళ్లు పట్టేది. అందుకే కేంద్రం 2021 అక్టోబరులో ప్రత్యేక నిబంధనలు తెచ్చి లెక్క కట్టే సూత్రాన్నీ గడువునూ నిర్దేశించింది.

మూడు జాగ్రత్తలు. మొదటిది, ఏ తేదీ తర్వాతి మార్పులకు పరిహారం ఉంటుందో చూడండి. బిడ్ తేదీనా, ఒప్పందం తేదీనా అన్నదానిలో కోట్లు దాగి ఉంటాయి. రెండోది, ఎంత దాటితే వర్తిస్తుందో చూడండి. రహదారుల నమూనా ఒప్పందంలో కోటి రూపాయలు, లేదా ఏడాదిలో రావలసిన టోల్‌లో అర శాతం, ఏది ఎక్కువైతే అది దాటాలి. మూడోది, ‘చట్టం’ అంటే ఏ దేశపు చట్టం? ఇండోనేషియా నిబంధనలు మారి దిగుమతి బొగ్గు ధర పెరిగిందని కంపెనీలు వాదిస్తే, 2017 ఏప్రిల్‌లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. విదేశీ చట్టం మారడం ఆ నిబంధన కిందకు రాదని, సరుకు ధర పెరిగినంత మాత్రాన ఒప్పందం అసాధ్యమైపోదని చెప్పింది.

టోల్ వసూలు ప్రభుత్వమే ఆపితే?

రెండుసార్లు దేశమంతా ఆగింది. పెద్దనోట్ల రద్దు తర్వాత 2016 నవంబరు 9 నుంచి డిసెంబరు 2 వరకు, లాక్‌డౌన్‌లో 2020 మార్చి చివరి నుంచి ఏప్రిల్ 19 వరకు. రహదారుల ఒప్పందాల్లో అనుకోని విపత్తులను మూడు తెగలుగా రాస్తారు: రాజకీయేతరం, పరోక్ష రాజకీయం, రాజకీయం. ఏ తెగలో వేశారన్నదాన్ని బట్టి డబ్బు మారిపోతుంది. వరదో భూకంపమో వచ్చి ఒప్పందం ముగిస్తే బీమా సొమ్ము పోను అప్పులో 90 శాతం ఇస్తారు. యుద్ధం, అల్లర్లు, సమ్మెల వంటి పరోక్ష రాజకీయ కారణమైతే అప్పుతో పాటు సొంత పెట్టుబడికి 110 శాతం. ప్రభుత్వ చర్య వల్లే ముగిస్తే అప్పు, దానితో పాటు సొంత పెట్టుబడికి 150 శాతం. అంకెలు ఒప్పందాన్ని బట్టి మారవచ్చు, అమరిక మాత్రం ఇదే. ‘రద్దు చేసేయండి’ అని సభల్లో కేకలు వేసేవారు ఈ చివరి అంకెను ఒకసారి చదవాలి. రద్దు చేసిన బిల్లు ఖజానాకే వస్తుంది.

ఏటా టోల్ పెరుగుదల గురించి కూడా అడుగుతారు. 2008 జాతీయ రహదారుల నిబంధనల ప్రకారం ఏటా స్థిరంగా 3 శాతం, దానితో పాటు టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం పెరుగుతుంది. అమకతాడు గేటు దగ్గర సిబ్బందితో గొడవ పడితే తగ్గదు.

రాష్ట్ర విభజన వంటిది వస్తే?

మనకు అనుభవమే. 2014 దాకా కర్నూలు, అనంతపురం జిల్లాలు హైదరాబాద్ కేంద్రంగా ఉన్న డిస్కం కింద ఉండేవి. విభజనతో తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కంలో చేరాయి. కరెంటు వాటా తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతంగా పంచారు. ఒప్పందాల్లో ‘వారసులు, బదిలీ పొందినవారు’ అన్న పదాలు అలంకారానికి రాసినట్లు కనిపిస్తాయి. కొనుగోలుదారు మారిన రోజున ఆ రెండు పదాలే బకాయిని కాపాడాయి.

భూమి విషయంలో రైతు ఏం చూసుకోవాలి?

ముప్పు అనగానే అందరూ కంపెనీ గురించే మాట్లాడతారు. ఎక్కువ ముప్పు మోసేది తరచు రైతు. అతని మాట ఒప్పందంలో ఎక్కడా ఉండదు.

2013 భూసేకరణ చట్టం ప్రకారం పీపీపీ ప్రాజెక్టుకు భూమి సేకరించాలంటే ప్రభావిత కుటుంబాల్లో 70 శాతం అంగీకారం, సామాజిక ప్రభావ అంచనా కావాలి. రాష్ట్రం 2018లో చేసిన సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులకు వీటి నుంచి మినహాయింపు ఇచ్చింది. మీ ఊరి ప్రాజెక్టు ఏ కోవలోకి వస్తుందో నోటిఫికేషన్‌లోనే చదవండి.

మన దగ్గర చిక్కు వేరే ఉంది. సోలారు పార్కులకు కావలసిన మెట్ట భూముల్లో చాలా భాగం డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకు అసైన్ చేసినవి), చుక్కల భూములు (రికార్డులో యజమాని పేరు దగ్గర చుక్కలు ఉన్నవి), ఏ పట్టా లేకుండా తాతల నాటి నుంచి దున్నుకుంటున్నవి. పత్రాల్లో ప్రభుత్వ భూమి, నేల మీద పంట. డీకేటీ పట్టాదారుకు పరిహారం తక్కువ అన్న వాదన ఇంకా వింటుంటాం. 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్ భూమికి కూడా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఆ తీర్పు పేరు ప్రతి గ్రామ సచివాలయంలోనూ గోడ మీద రాసి ఉండాలని నా కోరిక. పట్టా లేని సాగుదారు పరిస్థితి మరీ కష్టం. అతను అడంగల్ నకళ్లు, శిస్తు రసీదులు, పంట నష్టం జాబితాలు, దొరికిన ప్రతి కాగితమూ దాచుకోవాలి.

నిబంధనలు కూడా నిలకడగా లేవు. 2023లో సవరణ చేసి, ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కులిచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక, అలా విముక్తమైన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ జరిపారు. కంపెనీకి ఇది నియంత్రణ ముప్పు, రైతుకు కూతురి పెళ్లి వాయిదా.

భూమిని లీజుకిస్తే అద్దె ఏటా ఎంత పెరుగుతుంది, కంపెనీ చేతులు మారితే ఎవరు చెల్లిస్తారు, గడువు తీరాక పలకలు, కాంక్రీటు దిమ్మెలు ఎవరు తీయిస్తారు అన్నవి రాతలో ఉండాలి. చేతులు మారడం అరుదు కాదు. కర్నూలు పార్కులో రూ.4.63కు వేలం గెలిచిన అమెరికా కంపెనీ మరుసటి ఏడాదే దివాలా పిటిషన్ వేసింది, ప్రాజెక్టు ఇంకో కంపెనీకి వెళ్లింది.

కరెంటు ధర విషయంలో సామాన్యుడి మాట ఎవరైనా వింటారా?

వినాలని చట్టమే చెబుతోంది. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి కార్యాలయం ఇప్పుడు కర్నూలులోనే, దిన్నెదేవరపాడు దారిలో ఉంది. డిస్కంలు ఏటా తమ ఖర్చుల అంచనాలు సమర్పిస్తాయి, మండలి వాటి మీద అభ్యంతరాలు కోరి బహిరంగ విచారణ జరుపుతుంది. లాయరు అవసరం లేదు, తెలుగులో రాయవచ్చు. డిస్కం ఫలానా కంపెనీ నుంచి ఎందుకు కొంటోంది, ఎంతకు కొంటోంది అని అడిగే హక్కు మగ్గం నేసేవారికీ బోరు మోటారు నడిపేవారికీ ఉంది. కోపంగా కన్నా అంకెలతో రాసిన అభ్యంతరానికి జవాబు వస్తుంది, ఇది నేను చూసిన సంగతి. ఇంటికి అంత దగ్గరలో నియంత్రణ మండలి ఉండి కూడా మనలో వెళ్లేవారు కొద్దిమందే.

ప్రభుత్వం బకాయి పెడితే పెద్ద కంపెనీకీ చిన్న గుత్తేదారుకీ ఉన్న దారులేమిటి?

కరెంటు కంపెనీలకు రక్షణ మెరుగుపడింది. 2019 ఆగస్టు 1 నుంచి డిస్కంలు ముందుగా బ్యాంకు ఎల్‌సీ (చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరిస్తేనే కరెంటు ఇవ్వాలని కేంద్రం ఆదేశించింది. 2022 జూన్‌లో ఆలస్య రుసుము నిబంధనలు వచ్చాయి. పాత బకాయిలను వాయిదాల్లో కట్టాలి, మళ్లీ ఎగ్గొడితే ఆ డిస్కం బయట కరెంటు కొనుగోలుకు కోత పడుతుంది. ఒప్పందాల నిబంధనల కన్నా ఈ ఒక్క నియమమే ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం.

చిన్న గుత్తేదారుకు 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ఉంది. ఒప్పందంలో గడువు ఎంత రాసినా 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. కానీ ఒప్పందానికి ముందే ఉద్యం (అలాంటి సంస్థల ప్రభుత్వ నమోదు) అయి ఉంటేనే భద్రం. బిల్లు ఆగాక నమోదు చేసుకుంటే పాత బాకీకి అది వర్తించదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఒక రోజు పని, ఇవాళే చేసుకోండి.

స్టే తెచ్చుకుంటే పని ఆగుతుందా?

2018 సవరణ తర్వాత స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద, మౌలిక వసతుల ప్రాజెక్టు పూర్తి కావడానికి ఆటంకమయ్యే నిషేధ ఉత్తర్వు సివిల్ కోర్టు ఇవ్వకూడదు. హైకోర్టు రిట్ అధికారం వేరు, అది అలాగే ఉంది.

వివాదం వస్తే మధ్యవర్తిత్వమే మేలా?

ఇప్పటికీ చాలావాటికి అదే దారి, కానీ గాలి మారుతోంది. మధ్యవర్తులు ఇచ్చిన అవార్డును సర్కారు సంస్థ సవాలు చేస్తే, బ్యాంకు గ్యారంటీ తీసుకుని 75 శాతం ముందుగా చెల్లించాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. 2024 జూన్‌లో మాత్రం కేంద్ర ఆర్థిక శాఖ, కొనుగోలు ఒప్పందాల్లో పది కోట్ల లోపు వివాదాలకే మధ్యవర్తిత్వం పరిమితం చేయమని శాఖలకు సూచించింది. కాబట్టి బిడ్ వేసేటప్పుడు పాత ఒప్పందం నకలు చూసి ఊరుకోకండి, కొత్తదానిలో ఆ నిబంధన ఉందో లేదో వెతకండి. దాని కన్నా ముఖ్యమైనది రోజువారీ రికార్డు. భూమి ఏ తేదీన ఇచ్చారు, కరెంటు స్తంభాలు ఎప్పుడు జరిపారు, నోటీసు ఎప్పుడు అందింది. సైటు డైరీ రాయని కంపెనీ ఎంత న్యాయం ఉన్నా ఓడిపోతుంది.

మా పురపాలక సంఘం బస్ షెల్టర్లు, చెత్త సేకరణ పీపీపీలో ఇవ్వాలంటోంది. మంచిదేనా?

చిన్న పనులకు పీపీపీ వద్దని 2015లో విజయ్ కేల్కర్ కమిటీ చెప్పింది. వచ్చే లాభం కన్నా ఒప్పందం రాసి, పర్యవేక్షించే ఖర్చే ఎక్కువవుతుంది. తాగునీరు, మురుగునీటి శుద్ధి, ఘన వ్యర్థాల వంటి పెద్ద పనులైతే కేంద్రం వయబిలిటీ గ్యాప్ నిధి (గిట్టుబాటు కాని ప్రాజెక్టుల లోటు పూడ్చేది) ఉంది. 2020 మార్పులతో ఈ రంగాలకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం మరో 30 శాతం దాకా ఇచ్చే వీలు కల్పించారు. కౌన్సిలర్లకు ఒక మనవి: తీర్మానం మీద చేయి ఎత్తే ముందు, గడువు మధ్యలో పాలకవర్గం మారితే ఎవరు ఎంత చెల్లించాలో అడగండి.

టెండరు దశలో ప్రజల తరఫున ఎవరు చూస్తారు?

2019లో రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. వంద కోట్లు, ఆపైన విలువైన మౌలిక ప్రాజెక్టుల టెండరు పత్రాలను ముందుగా ఒక న్యాయమూర్తి పరిశీలించి, ప్రజల సూచనలు తీసుకునేవారు. 2024లో వచ్చిన ప్రభుత్వం జాప్యానికి కారణమని దాన్ని రద్దు చేసింది. జాప్యం నిజమే కావచ్చు. కానీ వడపోత ఉండాలా వద్దా అన్నది కూడా ఎన్నికలతో మారిపోతే, ఆ మార్పే మరో ముప్పు. ఒక గడువు పెట్టి, ముసాయిదా మీద ప్రజాభిప్రాయం తీసుకునే ఏర్పాటును రెండు పక్షాలూ ఒప్పుకుని నిలబెట్టాలి.

ఒప్పందం ప్రతి మాకు ఎలా దొరుకుతుంది?

ముందు సంబంధిత శాఖ లేదా సంస్థ అందరికీ అందుబాటులో ఉంచిందేమో చూడండి. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం వాళ్లంతట వాళ్లే బయటపెట్టాల్సినవి ఉన్నాయి. లేకపోతే పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. వాణిజ్య రహస్యమని 8(1)(డి) చూపి తిరస్కరించవచ్చు. అదే సెక్షన్‌లో విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని కూడా ఉంది. అప్పీలులో ఆ మాట ఎత్తి రాయండి. మొత్తం ఇవ్వలేమంటే, 10వ సెక్షన్ కింద రహస్య భాగం తీసి మిగతాది ఇమ్మనండి. అడిగేటప్పుడు ‘ఒప్పందం’ అని ఒక్క మాట రాస్తే మొదటి పుస్తకం ఒకటే చేతికొస్తుంది. ‘అనుబంధాలు, షెడ్యూళ్లు, తర్వాత చేసిన సవరణ ఒప్పందాలతో సహా’ అని రాయండి. అసలు సంగతులు చాలావరకు ఆ షెడ్యూళ్లలోనే ఉంటాయి.